పలాసలో జీడి వాసన ఎటు పోయింది?

పలాసలో జీడిపిక్కలు కాలుతుంటే ఆ ఘాటు వీధి మొదట్లోనే ముక్కుకు తగులుతుంది. ఉద్దానంలో పనసపండు కోస్తే పక్కింటికీ తెలిసిపోతుంది. అయితే 2020, 2021లలో కరోనా సోకిన చాలామందికి, ముక్కు దిబ్బడ లేకపోయినా, ఏ వాసనా తెలియలేదు.

ఎందుకు? ముక్కు లోపల పైభాగాన, తపాలా బిళ్లంత చోట, వాసన పట్టే నాడీకణాలుంటాయి. చిత్రమేమిటంటే, వైరస్ ముఖ్యంగా దెబ్బకొట్టేది వాటిని కాదు, వాటికి అండగా నిలిచే కణాలను. పందిరి కూలితే తీగ నిలుస్తుందా?

‘రుచి పోయింది’ అన్నవాళ్లలో చాలామందికి నిజానికి పోయింది వాసనే. తియ్యగా ఉందని నాలుక చెబుతుంది. అది పనసతొనో అరటిపండో చెప్పేది ముక్కు!

ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే వాసన తిరిగొస్తుంది. అడుగునున్న మూలకణాలు కొత్త నాడీకణాలను పుట్టిస్తాయి. కొత్త తీగలు దారి తప్పితే కొందరికి కాఫీ కూడా కాలిన రబ్బరులా తోస్తుంది. పాపం!

అప్పటికీ రాకపోతే ముక్కుకు కసరత్తే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఈ పద్ధతిని ప్రకటించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం... ఒక్కోదాన్ని పది సెకన్లు, రోజుకు రెండుసార్లు, 12 వారాలు వాసన చూడాలి. ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. ఈలోగా ఇంట్లో గ్యాస్ లీకైందేమో కనిపెట్టే పని ఇంకొకరి ముక్కుది.