రోజూ తలనొప్పి, రోజూ బిళ్ళ

పదో తరగతి పరీక్షలకు నెల రోజుల ముందు మా హాస్టల్లో తలనొప్పి అంటురోగంలా తిరిగేది. ఒకడు తలకు తువ్వాలు బిగించి కట్టుకుంటే సాయంత్రానికి మరో ఇద్దరు కట్టుకునేవారు. "చదువు ఎగ్గొట్టే నొప్పిరా మీది" అని వార్డెన్ గారు కసిరేవారు. కొందరిది అదే అయివుండొచ్చు, నాది మాత్రం కాదు. గేటు ఎదుటి కిరాణా కొట్టులో చాక్లెట్లు అమ్మినంత తేలిగ్గా నొప్పి బిళ్ళలు అమ్మేవారు. మొదట వారానికి ఒకటి, తర్వాత రోజుకొకటి, హాల్ టికెట్లు వచ్చేనాటికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పరీక్షలు అయిపోయాయి, తలనొప్పి మాత్రం నాతోపాటు బస్సెక్కి ఇంటికి వచ్చింది. మా నాన్న ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు గారు కళ్ళలోకి లైటు వేసి చూసి, ఎన్ని బిళ్ళలు వేస్తున్నావని అడిగారు. చెప్పాను. "నీకు తలనొప్పి వల్ల బిళ్ళ కాదురా అబ్బాయ్, బిళ్ళ వల్ల తలనొప్పి" అన్నారు.

అప్పుడు నేను నమ్మలేదు. తర్వాత ఫిజియోథెరపీ చదువుకున్నాక గాని ఆయన మాట అర్థం కాలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటి నాలాంటివాళ్ళే కాబట్టి, మన సంచికలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దెబ్బ ఎంత తగిలితే నొప్పి అంత ఉంటుందని మనం అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. కబడ్డీ ఆడేటప్పుడు మోకాలు చీరుకుపోయినా ఆట అయ్యేదాకా తెలియదు. అదే ఇంజక్షన్ సూది చూడగానే చెయ్యి జివ్వుమంటుంది. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికొక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని, శరీరం నుంచి వచ్చే నొప్పి కబురు దాన్ని దాటితేనే మెదడుకు చేరుతుందని వాళ్ళు చెప్పారు. కాలివేలు గడపకు కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం కదా, ఆ స్పర్శ గేటును కాస్త మూస్తుంది. భయం, దిగులు, నిద్రలేమి దాన్ని బార్లా తెరుస్తాయి. అయితే నొప్పి మూడు నెలలు దాటితే వ్యవహారం మారుతుంది. హాస్టల్లో ఒకసారి దొంగ పడ్డాక వాచ్‌మన్ పిల్లి కదిలినా ఈల వేస్తాడు. నరాలు కూడా అంతే. నొప్పి నిజమే, నటన కాదు. కాని లోపల ఏదో చెడిపోతోందనడానికి అది ప్రతిసారీ సాక్ష్యం కాదు.

చదువుకునే వయసులో ఎక్కువగా కనిపించే తలనొప్పి తలచుట్టూ పట్టీ బిగించినట్లు రెండు వైపులా ఉంటుంది. నేల మీద కూర్చుని, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టి, మెడ వంచి మూడు గంటలు చదివితే రాక ఏమవుతుంది? టిఫిన్ మానేయడం, నీళ్ళు తాగకపోవడం, రాత్రి రెండింటిదాకా మేలుకోవడం దానికి తోడు. బోర్డు సరిగా కనిపించకపోతే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. పార్శ్వపు నొప్పి వేరు. అది ఎక్కువగా ఒక వైపు దడదడమని కొడుతుంది, వాంతి వచ్చినట్లుంటుంది, వెలుతురు చూడలేం. దానికి వేరే మందులున్నాయి.

ఏ తలనొప్పికైనా మామూలు నొప్పి బిళ్ళలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ బిళ్ళలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. మానేసిన మొదటి రోజుల్లో నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అక్కడే చాలామంది ఓడిపోయి మళ్ళీ కొట్టుకు వెళతారు. నాకూ నాలుగు రోజులు నరకంగానే గడిచాయి, రెండో వారంలో తేలికపడింది. ఇది డాక్టరు సలహాతో చేయవలసిన పని.

పారాసిటమాల్ పెద్దవాళ్ళకైనా 24 గంటల్లో 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8 దాటకూడదు, పిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ. దాటితే కాలేయానికి ముప్పు. జలుబు బిళ్ళల్లోనూ అదే మందు ఉంటుందని మరిచిపోతాం. డైక్లోఫినాక్ లాంటివి ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. మన దేశంలో రాబందులు దాదాపు కనుమరుగైంది ఈ మందువల్లనే. ఇది వేసిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనుషులకు పక్షులంత ప్రమాదం లేదు గాని, ఒళ్ళు నొప్పులంటూ రోజూ మింగే మా ఊరి కూలీలను చూస్తే నాకు ఆ రాబందులే గుర్తొస్తాయి.

ఇక నడుం నొప్పి. ఆటో నడిపేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు అయిన మన పూర్వ విద్యార్థులకు ఇది బాగా తెలుసు. ఒకప్పుడు చెక్కబల్ల మీద వారాల తరబడి పడుకోమనేవారు. ఇప్పుడు ఆ సలహా ఇవ్వం. ఓర్చుకోగలిగినంత నడవాలి, పని మెల్లగా మొదలుపెట్టాలి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. స్కానింగులో డిస్కు ఉబ్బిందని రాస్తే హడలిపోకండి. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి స్కాన్ తీస్తే సగానికి పైగా మందిలో అలాంటి ఉబ్బు కనిపించింది.

చెల్లెళ్ళకు ఒక మాట. నెలసరి నొప్పిని పళ్ళు బిగించి భరించనక్కరలేదు. వేడినీళ్ళ కాపడం పనిచేస్తుంది. డాక్టరు రాసిన బిళ్ళ తిన్న తర్వాత రెండు మూడు రోజులు వేసుకుంటే అలవాటుగా మారదు. ప్రతి నెలా బడి మానవలసి వస్తున్నా, నెలనెలా పెరుగుతున్నా సిస్టరుకో మేట్రన్ గారికో చెప్పండి.

ఈ కింది వాటికి మాత్రం ఇంటి వైద్యం వద్దు: జ్వరంతో మెడ బిగుసుకుపోయిన తలనొప్పి, ఉన్నట్టుండి పిడుగులా వచ్చినది, తలకు దెబ్బ తగిలాక వచ్చినది, చూపు తగ్గుతున్నది; నడుం నొప్పితోపాటు కాళ్ళు పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం. వెంటనే 108కి ఫోన్ చేయండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడంతో వచ్చే నడుం నొప్పి వెన్నెముక క్షయ కావచ్చు. పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, తిరిగితే తగ్గే నడుం నొప్పి కుర్రవాళ్ళకు మూడు నెలలుగా ఉంటే అది కీళ్ళవాతం కావచ్చు. వీటికి ఆలస్యం చేయకూడదు.

మిగతావాళ్ళు ట్రంకు పెట్టె కింద నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి. అరగంటకోసారి లేచి కుళాయిదాకా వెళ్ళి నీళ్ళు తాగి రండి. నొప్పి ఏ రోజు వచ్చింది, అంతకుముందు ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, ఏ బిళ్ళ వేశారు అన్నది నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పేజీని, వాడిన బిళ్ళల ఖాళీ అట్టలను వెంట తీసుకెళ్ళండి.