అనంతపురం పట్టుదల: జూదమా, సేద్యమా?

అనంతపురం రైతు గురించి రాసేవాళ్లు ఒక మాట తప్పకుండా రాస్తారు. ఎన్నిసార్లు పంట పోయినా మళ్లీ విత్తుతాడట, ఆ పట్టుదల చూసి మనమంతా నేర్చుకోవాలట. వినడానికి బాగానే ఉంటుంది. ఆ విత్తడం వెనక ఉన్నది పట్టుదలేనా, మరేదైనానా అని ఆరా తీసినవాళ్లు మాత్రం తక్కువ. తీసినవారిలో సింగమనేని నారాయణ ఒకరు. ఈ జిల్లా మట్టిలోంచే వచ్చిన ఆ కథకుడు వానను నమ్ముకున్న సేద్యం మీద కథ రాసి, దానికి ‘జూదం’ అని పేరు పెట్టారు.

ఆ పేరు ఎంత సరైనదో తెలియాలంటే ఇక్కడి వాన సంగతి చూడాలి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం తన బరువంతా పడమటి కనుమల్లోనే దింపుకుని వస్తుంది. ఈశాన్యపు వాన తీరం దాటి ఇంత దూరం చేరేసరికి నీరసిస్తుంది. ఎర్రనేల పలచన, తేమ ఎక్కువ రోజులు నిలవదు. ఇక్కడ ఎక్కువగా వేసే శెనక్కాయకు (వేరుశెనగకు) మొత్తం ఎంత కురిసిందన్నదానికంటే ఎప్పుడు కురిసిందన్నదే ముఖ్యం. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే పైకి పచ్చగా ఉన్న చేను కూడా లోపల గుల్లే. అదే రైతు, అవే విత్తనాలు, అంతే కష్టం. ఒక ఏడు మూటలు ఇంటికొస్తాయి, మరో ఏడు పశువులకు కట్టె మిగులుతుంది. అంతే.

ఇలా ఒక ఏడు వచ్చి మరో ఏడు రాని ఫలితం ప్రాణిని ఏం చేస్తుందో ఒక పాత పరిశోధన చెబుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, సి.బి. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఒక పెద్ద పుస్తకం వేశారు. పావురాల మీద చేసిన ప్రయోగాలే అందులో ఎక్కువ. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజ రావడం ఆగిపోతే కాసేపటికి పొడవడం మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడొకటి, ఇప్పుడొకటి దొరికిన పావురం మాత్రం గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. జూదశాలలు నడిచేది ఈ సూత్రం మీదే. నాలుగేళ్లకొకసారి పండే చేను కూడా మనిషిని అలాగే పట్టి ఉంచుతుంది.

బోరు ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది. ఐదు వందల అడుగులు దిగాక రాయి తడిగా వస్తే ఇంకో యాభై వేయించకుండా ఎవరుంటారు? చీనీ తోట ఎండిపోతుంటే రెండో బోరు, అదీ ఎండితే మూడోది. అప్పు కూడా లోతుకు దిగుతూనే ఉంటుంది. దూరంగా కూర్చుని చూసేవాడికి ఇదంతా మొండిధైర్యంలా కనిపిస్తుంది.

రైతుకు తెలివి లేదని నేననడం లేదు. విత్తన రాయితీ, పంట రుణం, బీమా, మార్కెట్టు అన్నీ దశాబ్దాల పాటు శెనక్కాయ చుట్టూనే తిరిగాయి. ఉమ్మడి జిల్లాలో ఆ పంట ఏడు లక్షల హెక్టార్లు దాటిన రోజులున్నాయి. వేరే పైరు వేద్దామన్నా కొనేవాడుండాలి కదా. పైగా ఇరుకున పడ్డ మనిషికి ముందుచూపు తగ్గడం స్వభావ దోషమూ కాదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మన పొరుగున తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక మరోసారి ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు లేని కోత ముందు రోజుల్లో అదే మనిషి పరీక్షలో వెనకబడ్డాడు. అప్పుల లెక్కలే బుర్రనంతా ఆక్రమించుకుంటే మిగతా ఆలోచనకు చోటెక్కడిది? అలాంటివాడికి స్ఫూర్తి ప్రసంగాలు చెప్పడం దండగ.

మరి ఏది పనికొస్తుంది? దీనికి జవాబు ఒక దిద్దుబాటులో ఉంది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు, తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కలు తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉండటం చూశారు. నిస్సహాయత నేర్చుకుంటే వచ్చేదని తేల్చారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు పరిశోధనల వెలుగులో వాళ్లే ఆ మాటను తిరగరాశారు. ఎడతెగని కష్టంలో చతికిలబడటం ప్రాణికి పుట్టుకతో ఉన్న స్వభావమేనట. నా చేతల వల్ల కొంత మారుతుంది అన్న నమ్మకమే నేర్చుకోవాల్సిన విషయమట. అది మాటలతో అబ్బదు, మార్పును కళ్లారా చూస్తేనే అబ్బుతుంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థను మొదలుపెట్టినవాళ్లు మార్పును అలా కళ్లారా చూసే అవకాశమే కల్పించారు. ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాళ్లతో కలిసి ఎనిమిది వేల ఎకరాలకు పైగా బోడికొండల్ని కాపాడారు. దానికి కల్పవల్లి అని పేరు. మొక్కలు నాటడం కంటే అక్కడ ఎక్కువగా జరిగింది కాపలా. గొడ్డలి పడకుండా, వేసవిలో నిప్పు పాకకుండా చూశారు. మిగతాది మట్టిలో ఉన్న వేళ్లూ విత్తనాలూ చూసుకున్నాయి. వాన ఎంత పడుతుందన్నది ఎవరి చేతిలోనూ లేకపోయినా, నిరుడు రాయి కనిపించినచోట ఈ ఏడు గడ్డి ఉందా లేదా అన్నది నడిచి వెళ్లి చూడొచ్చు. ఆ తర్వాత కప్పులకు బోదగడ్డి, బుట్టలకు ఈతాకు ఊళ్లకు దక్కాయి. ఆ కొండల మీదికి గాలిమరలు వచ్చి కొంత అడవి దెబ్బతిన్నదీ నిజమే. చేతనైనంత చేశాక కూడా చేయి దాటిపోయేవి ఉంటాయి.

అదే సంస్థ ఆసరాతో ‘మహాశక్తి’ పేరిట ఆడవాళ్లు నడుపుతున్న పొదుపు సంఘాలదీ ఇదే దారి. నెలనెలా కట్టే సొమ్ము చిన్నదే. కానీ పాసుబుక్కులో అంకె వానతో పనిలేకుండా పెరుగుతుంది. పొలంలో తవ్వుకున్న నీటికుంటా అంతే, అది కరువును ఆపలేదు. ఊడలు దిగే వారంలో ఒక్క తడి ఇవ్వగలిగితే దాని పని అయినట్టే.

1969లో స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చినప్పుడు, దిగిన పాతింట్లో అద్భుతం కోసం ఎదురుచూడమని రాసిన కాగితం గోడ మీద కనిపించిందని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. 2009లో చనిపోయేదాకా ఆయనా, ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థా చేసిన పనులు చూస్తే – బావులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి – ఎదురుచూడటానికి ఆయనకు తీరిక దొరికినట్టు లేదు.

ఎదురుచూడటానికీ, చేసి ఫలితం చూసుకోవడానికీ ఉన్న ఈ తేడా పొలానికే పరిమితం కాదు. అనంతపురం గ్రంథాలయాల్లో డీఎస్సీకో గ్రూప్స్‌కో ఏళ్ల తరబడి చదివే పిల్లల్ని చూడండి. నోటిఫికేషన్ వానలాంటిది, ఎప్పుడొస్తుందో తెలియదు. రెండు మార్కుల్లో పోయిన ఉద్యోగం అచ్చంగా తడిరాయి తగిలిన బోరే. ఆ ఆశ మీదే ఇంకో ఏడు, ఇంకో ఏడు. ఆఫీసులో ఏడాదికొక ప్రమోషన్ జాబితా కోసం బతికేవాళ్ల సంగతీ అంతే. అందువల్ల మీ ఇంట్లో పరీక్షకు చదువుతున్నవాళ్లుంటే, ఉద్యోగం వస్తుందా అని రోజూ అడక్కండి. చదువులో పోయిన నెల రానిది ఈ నెల ఏం వచ్చిందో చూపించమనండి. చూపించడానికి ఏమీ లేదంటే, దారి మార్చుకునే విషయం ఇద్దరూ కూర్చుని నిదానంగా మాట్లాడుకోండి. ఆ మాట ఇంకో ఏడు గడిచాక కంటే ఇప్పుడే తేలిక.