పాటను అంకెలు చేసిన డబ్బా

జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్ నుంచి సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారాలు మొదలుపెట్టింది 2008 అక్టోబరు 15న. ప్రారంభించడానికి వచ్చినవారు జస్టిస్ పి.బి. సావంత్. గాలి తరంగాలు ప్రజల సొత్తేనని 1995లో తేల్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఉన్నారు. ఆ రేడియోను నడిపే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు మాత్రం లైసెన్సు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విత్తనాల ముచ్చట్లు, పంట కబుర్లు, పాటలు ఏళ్ల తరబడి టేపులకెక్కించి సంఘాల్లో వినిపించారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ లాంటివాళ్లు రికార్డింగు పని అలా చేస్తూనే నేర్చుకున్నారు.

టేపుతో పని ఎంత కష్టమో ఆ కాలం వాళ్లకు తెలుసు. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. దగ్గు వచ్చిన చోట కత్తిరిద్దామంటే ఆ సన్నటి పట్టీ మీద కత్తెర ఆనదు. ఒక డెక్కులోంచి మరో డెక్కులోకి, కావలసిన ముక్కలు మాత్రమే ఎక్కించుకోవాలి. ఎక్కించిన ప్రతిసారీ 'స్స్‌' మనే రొద ఒక పొర పెరుగుతుంది. మూడో కాపీకి వచ్చేసరికి పాట వెనక్కి పోయి టేపు ముందుకొస్తుంది.

ఈ రొదను వదిలించుకునే దారి 1937లోనే అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజినీరుకు తట్టింది. శబ్దపు అలను యథాతథంగా పంపకుండా, సెకనుకు వేలసార్లు దాని ఎత్తును కొలిచి ఆ కొలతలనే పంపితే? అంకెకు దుమ్ము పట్టదు, కాపీకి కాపీ తీసినా అరగదు. అయితే అప్పటి వాల్వులతో అది ఖర్చుకు తట్టుకునే పని కాదు. ఇరవయ్యేళ్లు గడిచాక, 1957లో, బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ గది నిండే ఐబీఎం 704 చేత 17 సెకన్ల సంగీతం కట్టించాడు. అదీ అప్పటికప్పుడు వినిపించలేదు. యంత్రం అంకెలు కక్కితే, వాటిని తర్వాత వేరే పరికరం శబ్దంగా మార్చింది.

సెకనుకు ఎన్ని కొలతలు కావాలి? మనిషి చెవి వినగల పైహద్దు సుమారు 20,000 హెర్ట్జ్. దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే అల మొత్తం తిరిగి వస్తుందని నైక్విస్ట్, షానన్ల గణితం చెబుతుంది. మరి సీడీల్లో కనిపించే 44,100 అనే వింత సంఖ్య ఎక్కడిది? తొలినాళ్లలో ఆ అంకెల వరదను పట్టేంత సామాను వీడియో టేపు ఒక్కటే. ఒక్కో వీడియో గీతలో మూడు కొలతలు, తెరకు 245 గీతలు, సెకనుకు 60 తెరలు: గుణిస్తే సరిగ్గా 44,100. మన ఇంట్లో రికార్డయ్యే పాట కూడా ఇప్పటికీ ఆ పాత టీవీ లెక్క మీదే నడుస్తోందంటే నవ్వొస్తుంది.

1989లో సింగపూరు కంపెనీ క్రియేటివ్ ఇంటి కంప్యూటర్ల కోసం సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. ఆటల చప్పుళ్ల కోసం పుట్టిన ఆ 8 బిట్ల కార్డు అల ఎత్తును 256 మెట్లుగానే విడగొట్టేది. 16 బిట్లతో మెట్లు 65,536 అయ్యాయి, 24 బిట్లతో కోటీ అరవై ఏడు లక్షలు దాటాయి. 2000లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా వచ్చాక కత్తిరింపు, అతికింపు అందరి చేతికీ అందాయి.

ఇప్పుడు ఇంట్లో పాట రికార్డు చేయడానికి కంప్యూటరు కొనే మాటకొద్దాం. దుకాణంలో అడుగుపెట్టగానే అందరూ ముందు అడిగేది ప్రాసెసరు గురించే. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. ఒక మైకు, 16 బిట్లు, 44,100 కొలతలు: సెకనుకు 88,200 బైట్లు, నిమిషానికి 53 లక్షల బైట్లు. నలుగురు నాలుగు మైకుల ముందు పాడినా మామూలు హార్డ్ డిస్కుకు అది చెమట పట్టించే బరువు కాదు. వాయిద్యాలన్నీ సాఫ్ట్‌వేరులోనే పుట్టించేవాళ్లకు బలమైన ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్ కావాలి. గొంతు, డప్పు, హార్మోనియం రికార్డు చేసేవాళ్లకు ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన పాత డెస్క్‌టాప్ చాలు. ఒక్క జాగ్రత్త: విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, 11 అన్ని పాత యంత్రాల మీదా ఎక్కదు. లినక్సు చేతనైతే ఆ బెంగ లేదు.

అసలు చిక్కు ఆలస్యం దగ్గర. కంప్యూటరు ఒక్కో కొలతను అప్పటికప్పుడు తీసుకోదు, కొన్ని పోగయ్యాక తీసుకుంటుంది. కుళాయి కింద చెంబు పెడితే వెంటనే నిండుతుంది, మాటిమాటికీ మోయాలి. బిందె పెడితే నింపాదిగా ఉండొచ్చు, నీళ్లు ఆలస్యంగా ఇల్లు చేరతాయి. 256 కొలతల పోగుకు దాదాపు 6 మిల్లీసెకన్లు, 1,024 అయితే 23. ఇయర్‌ఫోన్లలో సొంత గొంతు 23 మిల్లీసెకన్లు వెనకబడితే, ఎనిమిది మీటర్ల దూరం నుంచి ఎవరో తనలాగే పాడుతున్నట్టుంటుంది, తాళం జారుతుంది. విండోస్ మామూలు దారి ఈ ఆలస్యాన్ని పెంచుతుందనే స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఆసియో అనే అడ్డదారి వేసింది. కాబట్టి ప్రాసెసరులో మిగిల్చిన డబ్బు ఆసియో డ్రైవరున్న మంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ మీద పెట్టాలి. మైకు తీగను కంప్యూటరు వెనక గులాబీ రంగు రంధ్రంలో గుచ్చడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

రెండో శత్రువు ఆ డబ్బా చేసే చప్పుడే. నిమిషానికి 7,200 చుట్ల హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. 120 హెర్ట్జ్ అంటే మగగొంతు అడుగు స్వరం ఉండే చోటే. తర్వాత దాన్ని వడకడదామంటే గొంతూ కొంత పోతుంది. కాబట్టి ఎస్ఎస్‌డీ తప్పనిసరి. గ్రాఫిక్స్ కార్డు వద్దు, దానికి మళ్లీ ఓ ఫ్యాను. లోపలి ఫ్యాన్లు పెద్దవిగా, నెమ్మదిగా తిరిగేవిగా ఉండాలి. యూఎస్‌బీ తీగ ఐదు మీటర్ల దాకా లాగొచ్చు గనుక డబ్బాను పక్క గదిలో పెట్టడం అన్నిటికన్నా చవక వైద్యం. 65వ నంబరు జాతీయ రహదారి మీది లారీలకు మాత్రం ఏ డబ్బాలోనూ మందు లేదు. జహీరాబాద్‌లో రోడ్డు పక్క ఇల్లయితే లోపలి గది, మందపాటి బొంతలు, తెల్లవారుజాము.

ఇక కరెంటు. మూడో పిన్నుకు నిజమైన ఎర్తింగ్ లేని ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అక్కడ రికార్డింగులో 50 హెర్ట్జ్ 'గుయ్‌'మంటూ చేరుతుంది. వెయ్యి రూపాయల సాఫ్ట్‌వేరు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ గుంత చూపించుకోవాలి. యూపీఎస్ లేకుండా రికార్డింగుకు కూర్చోకూడదు. పాట మధ్యలో కరెంటు పోతే పోయేది కరెంటు ఒక్కటే కాదు.

భద్రపరిచేటప్పుడు వావ్ ఫైలుగానే ఉంచాలి. ఎంపీ3 చెవికి దొరకదనుకున్న భాగాన్ని పారేస్తుంది, పారేసింది తిరిగి రాదు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 వేరుగా తీసుకోవచ్చు. గంటసేపటి పాట వావ్‌లో ఒక మైకుకు 32 కోట్ల బైట్లకు లోపే. ఆ లెక్కన ఒక టీబీ డిస్కులో మూడు వేల గంటలు పడతాయి. అలాంటి డిస్కులు రెండు కొని, రెండోదాన్ని వేరే ఇంట్లో ఉంచాలి.