730 రోజుల్లో నాలుగుసార్లు

దత్తత బిడ్డ ఇంటికొచ్చాక ఆ ఇంటి మంచిచెడ్డలు ఎవరు చూస్తారు? నిబంధనల ప్రకారం రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి బిడ్డ బాగోగులు చూసి నివేదిక రాయాలి. అంటే 730 రోజుల్లో నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ ఆ తల్లిదండ్రులవే.

చుట్టాలూ పక్కాలూ ఉంటారు కదా అనిపించవచ్చు. ఉంటారు. కానీ ఆకలి చూసి వచ్చిన బిడ్డ దిండు కింద రొట్టెముక్క దాచుకుంటే వాళ్లకు మొండితనంలా కనిపిస్తుంది. ‘‘మావాడూ ఇలాగే చేసేవాడండీ, చేతికందేచోట ఓ అరటిపండు పెట్టి ఉంచండి’’ అని చెప్పాలంటే ఆ దారిలో నడిచిన తల్లే కావాలి.

అలాంటి తల్లి దొరకడమే కష్టం. కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ద్వారా 2024-25లో జరిగిన దత్తతలు 4,515. దేశంలో జిల్లాలు 780కి పైనే. పంచి చూస్తే ఏడాదికి జిల్లాకు ఆరు కూడా రావు. మీ మండలంలో అలాంటి ఇల్లు మరొకటి లేకపోవచ్చు. అందుకే ఇలాంటి కుటుంబాలు ఒకరికొకరు తోడుండే బృందాన్ని జిల్లా మొత్తానికి కట్టాలి, అవసరమైతే రెండు జిల్లాలకు కలిపి.

ఇలాంటి బృందం ఫోస్టర్ కేర్ కుటుంబాలకూ కావాలి, కానీ వాటి సంగతి వేరు. బిడ్డను దత్తత తీసుకోకుండా, కొంతకాలం మన ఇంట్లో పెట్టుకుని పెంచడమే ఫోస్టర్ కేర్. 2024 నమూనా మార్గదర్శకాలు పెళ్లికాని వారికీ, ఒంటరిగా ఉన్నవారికీ ఈ అవకాశం ఇచ్చాయి. బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. రోజుకు 133. పాలు, గుడ్లు, కూరగాయలు, నోటు పుస్తకాలు కొంటే అయిపోతుంది. జ్వరమొస్తే ఆ నెల లెక్క తప్పుతుంది. పొట్టయిన యూనిఫాం, వాడని సైకిల్, ఒక పూట బిడ్డను చూసుకునే మనిషి: ఇవి బృందం ఇవ్వగలిగినవి. డబ్బు కన్నా ఆ ఒక్క పూట విశ్రాంతే ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం.

మరి గోప్యత? బిడ్డ గతం బిడ్డది. సలహా అడగడానికి పేరు, ఫొటో, పుట్టుక వివరాలు అక్కర్లేదు. వాట్సాప్‌లో అసలే వద్దు.

బృందం మొదలుపెట్టాలంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. ఎక్కడుందో తెలియకపోతే బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేసి అడగండి. అక్కడ ఇతర కుటుంబాల పేర్లు అడగవద్దు. మీ నంబరు రాసిచ్చి, ఇష్టపడిన వారికి అందజేయమనండి.