రన్‌వే ఉంది... రోజూ దిగే విమానమే లేదు

శ్రీ సత్యసాయి జిల్లాకు సొంత విమానాశ్రయం ఉంది. సత్యసాయి సెంట్రల్ ట్రస్టు పుట్టపర్తి శివార్లలో కట్టించిన ఆ విమానాశ్రయం 1990 నవంబరులో ప్రారంభమైంది. రన్‌వే పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానం దిగడానికి అంత కూడా అక్కర్లేదు. అయినా బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... ఈ జిల్లాలో ఏ ఊరివాళ్లు విమానం ఎక్కాలన్నా సరిహద్దు దాటి కర్ణాటకలోని దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయానికి పరుగెత్తాల్సిందే.

పుట్టపర్తికి ఒకప్పుడు ముంబై, చెన్నైల నుంచి షెడ్యూల్ సర్వీసులు నడిచాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ దిగేవి ఎక్కువగా చార్టర్ విమానాలు, ప్రముఖుల ప్రత్యేక విమానాలు. 2025 నవంబరులో సత్యసాయిబాబా శతజయంతికి రాష్ట్రపతి, ప్రధాని వచ్చినప్పుడు దేశమంతా పుట్టపర్తి వైపు చూసింది. ఆ హడావుడి ముగిశాక మామూలు ప్రయాణికుడి పరిస్థితి మళ్లీ మొదటికే వచ్చింది.

దేవనహళ్లి దగ్గరే కదా, ఇంకో విమానాశ్రయం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. హిందూపురం నుంచి ఢిల్లీకో దుబాయికో వెళ్లేవాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని బెంగళూరు విమానాశ్రయానికే పోతారు. వాళ్లను పుట్టపర్తికి మళ్లించాలనుకోవడం అత్యాశ. అసలు ఇబ్బంది సొంత రాష్ట్రంలోనే ఉంది. సెక్రటేరియట్‌లో గంట పని ఉంటే ధర్మవరంలో సాయంత్రం రైలెక్కాలి, మర్నాడు తెల్లవారి విజయవాడలో దిగాలి, తిరిగి వచ్చేసరికి ఇంకో రాత్రి ప్రయాణంలోనే గడిచిపోతుంది. హైదరాబాద్ పనైనా అంతే.

ఈ ప్రాంతం కూడా పాతికేళ్ల కిందటిలా లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. పుట్టపర్తిలో 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి గుండె ఆపరేషన్లు సైతం ఉచితంగా చేస్తోంది. బత్తలపల్లిలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ నడిపే ఆసుపత్రికి చుట్టుపక్కల మండలాల పేదలు వస్తారు. స్పెయిన్ నుంచి స్వచ్ఛందంగా వచ్చే డాక్టర్లూ అక్కడ సేవలు అందించారు. మంచి విమాన సర్వీసు ఉంటే ఇలాంటి చోట్లకు నిపుణులు వచ్చిపోవడం తేలికవుతుంది.

అలాగని అన్నింటికీ విమానమే మందు కాదు. ఇక్కడి చీనీకాయలు విమానం ఎక్కవు, ఎక్కినా గిట్టుబాటు కాదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి బయలుదేరిన కిసాన్ రైలే వాటికి సరైన దారి. ఏ సరుకు రోడ్డు మీద పోవాలి, ఏది రైల్లో పోవాలి, ఏ ప్రయాణికుడికి విమానం కావాలి అనేది రాష్ట్రం ఒక్క లెక్కగా చూసుకోవాలి. చిన్న విమానాశ్రయం ఆ లెక్కలో భాగమైతేనే నిలబడుతుంది.

చిన్న విమానాశ్రయాలు ఎందుకు మూలనపడతాయో చూస్తే విషయం అర్థమవుతుంది. రోజుకు ఒక్క విమానమే దిగినా ఫైరింజన్, దాని సిబ్బంది సిద్ధంగా ఉండాలి. బ్యాగుల తనిఖీ యంత్రం పనిచేయాలి. సాయుధ పోలీసులు కాపలా కాయాలి. గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత ఎత్తున ఉందో పైలట్‌కు చెప్పే మనిషి ఉండాలి. రన్‌వే మీదికి కుక్కలు, పశువులు రాకుండా ప్రహరీ గోడను కనిపెట్టుకుని ఉండాలి. శంషాబాద్‌లో ఈ ఖర్చును వందల విమానాలు పంచుకుంటాయి. పుట్టపర్తిలో మొత్తం ఒకటి రెండు విమానాల మీదే పడుతుంది.

ఆ భారం తగ్గించడానికే కేంద్రం 2016లో ఉడాన్ పథకం తెచ్చింది. విమానంలో కొన్ని సీట్లకు టికెట్ ధర మీద పరిమితి పెట్టారు. గంట ప్రయాణానికి మొదట్లో అది 2,500 రూపాయలు. దానివల్ల సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వాలు పూడుస్తాయి. అందులో కేంద్రం వాటా 80 శాతం, రాష్ట్రం వాటా 20 శాతం. రాష్ట్రం విమాన ఇంధనంపై వ్యాట్‌ను ఒక్క శాతానికి తగ్గించాలి, పోలీసు, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇవ్వాలి.

2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాద్ ఒకటి. ట్రూజెట్ సంస్థ దాన్ని నడిపింది. రాయలసీమ మురిసిపోయింది. 2022 మొదట్లో ట్రూజెట్ మూతపడింది. కడప విమానాశ్రయం కూడా మూతపడేదే కానీ, రాష్ట్ర ప్రభుత్వం ఇండిగోతో ఒప్పందం చేసుకుని, లోటు భర్తీకి ఒప్పుకుని సర్వీసులు మళ్లీ తెప్పించింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులోనూ రాష్ట్రమే పూనుకుని విమానాశ్రయం కట్టింది. అక్కడ 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి.

దేశం మొత్తం మీద చూస్తే చిత్రం అంత బాగాలేదు. కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ నడిచినవి 112. రాయితీ గడువు తీరాక కూడా 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే. రిబ్బను కత్తిరించడం తేలికే, నాలుగో ఏడాది విమానం నడిపించడమే కష్టమని ఈ అంకెలు చెబుతున్నాయి. అమెరికాలో 1978లో విమానయానంపై నియంత్రణ ఎత్తేసినప్పుడు చిన్న ఊళ్లకు సర్వీసులు పోకూడదని ప్రత్యేక పథకం పెట్టారు. దానికి నేటికీ నిధులు ఇస్తున్నారు. మూడేళ్లకే చేతులు దులుపుకోలేదు.

పుట్టపర్తికి రెండు చిక్కులున్నాయని చెబుతారు. ఒకటి, అది ప్రైవేటు ఆస్తి. కానీ బళ్లారి పక్కన తోరణగల్లులోని విద్యానగర్ విమానాశ్రయం కూడా జిందాల్ ఉక్కు కర్మాగారానిదే. దాన్ని ఉడాన్‌లో చేర్చి 2017లోనే మామూలు ప్రయాణికులకు తెరిచారు. రెండోది, బెంగళూరు విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన. 2008లో ఆ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి 25 ఏళ్లపాటు ఆ దూరంలో మైసూరు, హాసన్ తప్ప మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదు. పుట్టపర్తి ఆ పరిధిలోనే ఉంది. కానీ ఇక్కడివాళ్లు అడిగేది విదేశాలకు సర్వీసు కాదు, విజయవాడకు. పైగా శంషాబాద్‌కూ 150 కిలోమీటర్ల షరతు ఉన్నా, దాన్ని నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం వదులుకోవడంతో వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయం 1981 నుంచి మూతపడి ఉంది. గట్టిగా అడిగితే దారి దొరుకుతుందనడానికి అదే రుజువు.

విమానం ఎక్కేవాళ్లకు ప్రజల సొమ్ము ఎందుకు ఇవ్వాలన్నది చివరి అభ్యంతరం. పల్లెవెలుగు బస్సు ఊరూరా తిరిగి లాభం తెస్తుందనా ఆర్టీసీ నడుపుతున్నది? ఊళ్లను కలపడం తన బాధ్యత అనుకుంటోంది కాబట్టి నడుపుతోంది. విమానానికి బస్సంత సాయం అవసరం లేదు. జిల్లా ఆసుపత్రుల నిధులు తెచ్చి ఇందులో పెట్టకూడదు కూడా. ఎంత ఇస్తున్నారు, ఎంతమంది ఎక్కుతున్నారు అన్నది మాత్రం ఏటా జనానికి చెప్పాలి.

రాష్ట్రం కుప్పం, దగదర్తి వంటి చోట్ల కొత్త విమానాశ్రయాలకు ప్రణాళికలు వేస్తోంది. మంచిదే. అంతకంటే ముందు, వేసి ఉన్న రన్‌వేను వాడుకోవాలి. ట్రస్టుతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకోవాలి. విజయవాడకు, హైదరాబాద్‌కు ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టి, కనీసం ఐదేళ్లు ఆపకుండా నడిపే పూచీ తీసుకోవాలి. విమానం వేళకు ధర్మవరం రైల్వే జంక్షన్ నుంచి, బత్తలపల్లి కూడలి నుంచి ఆర్టీసీ బస్సు వేయాలి. ఈ పని మీద జిల్లా ఎమ్మెల్యేలు, ఎంపీ పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి, ఓటర్లు వాళ్లను అడుగుతూ ఉండాలి.