చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? పార్టు మార్చేముందు కోడ్ చూడండి.. స్కాన్ టూల్ అసలు ఏం చెబుతుందంటే..

తెల్లాపూర్‌లో చాలా ఇళ్లకు కారు లేనిదే రోజు గడవదు. పొద్దున్నే కొందరు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల వైపు.. మరికొందరు పటాన్‌చెరు ఫ్యాక్టరీల వైపు బయల్దేరతారు. సరిగ్గా అప్పుడే డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే గుండెల్లో గుబులే. షెడ్డుకు తీసుకెళ్తే ‘సెన్సర్ పోయింది సార్, మార్చాలి’ అనే మాట వినిపిస్తుంది. వేలల్లో బిల్లు కట్టాక, వారం తిరక్కుండానే అదే లైట్ మళ్లీ వెలిగితే? అంటే మార్చిన పార్టులో అసలు తప్పే లేదేమో!

ఇలాంటి అనవసర ఖర్చును చాలావరకు తప్పించేదే స్కాన్ టూల్. అరచేతిలో పట్టేంత పరికరం. ధర కొన్ని వందల రూపాయల నుంచే మొదలవుతుంది. అయితే దాన్ని చదవడం తెలియకపోతే మాత్రం అదే కొత్త ఖర్చులకు దారి తీస్తుంది. ఎలాగో చూద్దాం.

మీ కారులో ఈ పోర్ట్ ఎక్కడుంది?

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్లకు కాస్త పైన 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దాన్నే ఓబీడీ పోర్ట్ అంటారు. ఓబీడీ అంటే బండి తనను తాను చెక్ చేసుకునే వ్యవస్థ. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది. మన దేశంలో బీఎస్-4 నిబంధనల కింద 2010 ఏప్రిల్ నుంచి తొలి దశ, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 అమల్లోకి వచ్చాయి. కాబట్టి 2013 ఏప్రిల్ తర్వాత తయారైన పెట్రోల్, డీజిల్ కార్లలో ఈ సౌకర్యం ఉన్నట్టే.

పోర్టులో బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లోని యాప్‌తో కనెక్ట్ చేస్తే చాలు. ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న కోడ్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి.

కోడ్ అంటే తీర్పు కాదు.. అడ్రస్ మాత్రమే

కోడ్‌లో ఒక ఇంగ్లిష్ అక్షరం, దాని వెనక నాలుగు అంకెలు ఉంటాయి. ‘పీ’ అంటే ఇంజిన్, గేర్ బాక్స్. ‘బీ’ అంటే బాడీ. ‘సీ’ అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. ‘యూ’ అంటే కారులోని కంప్యూటర్ల మధ్య కనెక్షన్ సమస్య. తప్పు ఏ వీధిలో ఉందో కోడ్ చెబుతుంది.. ఏ ఇంట్లో ఉందో వెతుక్కోవాల్సింది మనమే.

పీ0171 కోడ్‌నే తీసుకుందాం. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా, పెట్రోల్ తక్కువగా వెళ్తోందని దీని అర్థం. ఈ సంగతి కనిపెట్టేది ఆక్సిజన్ సెన్సర్. దాంతో కొన్నిచోట్ల ముందు ఆ సెన్సర్‌నే మార్చేస్తారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టే ఇది! అసలు కారణం పగిలిన వాక్యూమ్ పైపు కావచ్చు. మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ కావచ్చు. ఫ్యూయల్ పంప్ వీక్ అయి ఉండొచ్చు.

ఏదో తేల్చుకోవాలంటే లైవ్ డేటాలో ‘ఫ్యూయల్ ట్రిమ్’ చూడాలి. కంప్యూటర్ ఎంత శాతం పెట్రోల్ అదనంగా ఇస్తోందో, ఎంత తగ్గిస్తోందో ఇది చూపిస్తుంది. ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే పెద్దగా కంగారు అక్కర్లేదు. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు బాగా ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎంకి పెంచగానే తగ్గితే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరఫరా వైపు చూడాలి.

పైసా ఖర్చు లేని టెస్ట్

పీ0301 వచ్చిందంటే ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం. ఒక్కో సిలిండర్‌కు విడిగా ఇగ్నిషన్ కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ ఆఫ్ చేసి ఒకటో కాయిల్‌ను రెండో దానితో మార్చి బిగించమని మెకానిక్‌ను అడగండి. కోడ్ చెరిపేసి మళ్లీ నడిపితే ఈసారి పీ0302 వచ్చిందా? తప్పు కాయిల్‌దే. పీ0301 అలాగే ఉందా? అయితే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి. కొత్త పార్టు కొనకముందే సగం సంగతి తేలిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఇంజిన్ లైట్ వెలిగి అలాగే ఉంటే నిదానంగా షెడ్డుకు వెళ్లొచ్చు. అదే మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే సిలిండర్‌లో మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోకి పోతోందని హెచ్చరిక. అలాగే లాగిస్తే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. యాక్సిలరేటర్ తగ్గించి, సేఫ్ ప్లేస్‌లో ఆపడమే మంచిది.

లైట్ వెలగకముందే చూడాల్సినవి

* బ్యాటరీ: ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక చూస్తే 12.6 వోల్టులకు దగ్గరగా ఉండాలి. 12.2 కంటే తగ్గితే ఛార్జ్ బాగా పడిపోయినట్టే. స్టార్ట్ చేశాక చాలా కార్లలో 13.5 నుంచి 14.7 మధ్య చూపిస్తుంది. బ్యాటరీ వీక్ అయితే సంబంధం లేని కోడ్లు కూడా వస్తాయి. అందుకే ముందు దీన్నే చూడాలి.

* ఇంజిన్ వేడి: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు టెంపరేచర్ పెరిగి, బండి కదలగానే తగ్గుతోందంటే రేడియేటర్ ఫ్యాన్ మీద అనుమానం. ఔటర్ మీద స్పీడ్‌లో వెళ్తున్నా పెరుగుతోందంటే కూలెంట్, థర్మోస్టాట్, వాటర్ పంప్ చెక్ చేయించాలి.

* పెండింగ్ కోడ్లు: చాలా తప్పులు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. మొదటిసారి కనిపించినప్పుడు పెండింగ్ లిస్టులో ఉంటాయి.

* ఫ్రీజ్ ఫ్రేమ్: కోడ్ పడిన క్షణంలో స్పీడ్, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతో ఇందులో రికార్డు అవుతుంది. ‘షెడ్డుకు తెచ్చేసరికి బాగానే ఉంది’ అనే కేసుల్లో ఇదే ఆధారం.

డీజిల్ బండి ఉన్నవాళ్లకు ముఖ్య గమనిక

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ మామూలైపోయింది. దాన్నే డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ సుమారు 600 డిగ్రీల వరకు వేడెక్కాలి. తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలికి ట్రాఫిక్‌లో ఆగుతూ వెళ్లే చిన్న ట్రిప్పుల్లో ఆ అవకాశం దొరకదు. ఫలితంగా పీ2463 కోడ్ పడుతుంది. మసి పేరుకుందని దాని అర్థం. మొదట్లోనే గమనిస్తే ఓనర్ మాన్యువల్‌లో చెప్పినట్టు కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కి, లిమిట్ దాటకుండా ఒకే స్పీడ్‌లో కాసేపు నడిపితే సరిపోవచ్చు. వదిలేస్తే సర్వీస్ సెంటరే దిక్కు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

స్కాన్ టూల్ విలువ అసలు తెలిసేది ఇక్కడే. బండి చూపించే ముందు కోడ్లు చెరిపేయడం ఒక్క నిమిషం పని. లైట్ ఆరిపోతుంది. తప్పు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి మూడు మార్గాలున్నాయి.

1. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజిన్ లైట్ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లైట్‌నే పని చేయకుండా చేశారేమో అడగండి.

2. యాప్‌లో ‘రెడీనెస్ మానిటర్లు’ చూడండి. కోడ్లు చెరిపితే ఈ సెల్ఫ్ టెస్టులు మళ్లీ మొదటికొస్తాయి. చాలావరకు ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తే ఈమధ్యే ఏదో చెరిపారన్నమాట.

3. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు చెబుతాయి. అక్కడ 8 కిలోమీటర్లో, 10 కిలోమీటర్లో ఉంటే ఆలోచించాల్సిందే.

అలాగని అమ్మేవాళ్లంతా మోసగాళ్లని కాదు. బ్యాటరీ తీసి పెట్టినా చాలా కార్లలో మానిటర్లు రీసెట్ అవుతాయి. కాబట్టి ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్కాన్ చేసి చూస్తామని అడగండి. అందుకు ఒప్పుకోకపోతే లక్షలు పోయకపోవడమే మేలు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని కూడా ధీమా వద్దు. ఆ టెస్టులో సైలెన్సర్ నుంచి వచ్చే పొగనే కొలుస్తారు, ఈ కోడ్లను చూడరు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

చౌక డాంగిళ్లు చాలావరకు ఇంజిన్ వివరాలకే పరిమితం. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే కంపెనీ స్కానర్ ఉన్నచోటికే వెళ్లాలి. ఎలక్ట్రిక్ కార్లలోనూ మామూలు యాప్‌లకు దొరికే సమాచారం తక్కువే. పోర్టులో ఎప్పుడూ కరెంట్ ఉంటుంది కాబట్టి డాంగిల్‌ను రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోయే ప్రమాదం ఉంది. కాంటాక్టులు, మెసేజ్‌ల పర్మిషన్ అడిగే యాప్‌ల జోలికి పోవద్దు. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ స్క్రీన్ చూడకండి. ఆ పని పక్క సీట్లో ఉన్నవాళ్లకు అప్పగించండి.

ఇక కోడ్ చెరిపేముందు తప్పకుండా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎందుకంటే కోడ్‌తో పాటే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు ‘లైట్ వెలిగింది, చూడన్నా’ అని ఊరుకోకుండా ఆ స్క్రీన్‌షాట్ చూపించండి. పార్టు మార్చాలంటే ‘ఏ టెస్ట్ చేసి తేల్చావన్నా?’ అని అడగండి. పని తెలిసిన మెకానిక్ ఆ ప్రశ్నకు విసుక్కోడు.. బానెట్ ఎత్తి చూపిస్తాడు.