ఓటు ఒక గవాహీ

2024 మే 13న నౌపడలో ఓటు వేసిన మేము జూన్ 4న ఫలితాలు విని నిరుత్సాహపడ్డాము. 543 మంది సభ్యుల లోక్‌సభకు గెలిచిన ముస్లింలు 24 మందే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14 శాతానికి పైగా ఉన్నారు. ధరల గురించి, ఉపాధి గురించి సాగవలసిన ప్రచారంలో మతం మాటలే ఎక్కువగా వినిపించాయి. మా ఉప్పు మడుల్లో ఎండకు మాడే కూలీకి వాటివల్ల ఒరిగిందేమిటి?

“ఇక ఓటు వేసి ఏం లాభం?” అని కొందరు సోదరులు అడిగారు. ఓటు బేరం కాదు, గవాహీ. అంటే సాక్ష్యం. తీర్పు నచ్చలేదని సాక్షి నోరు మూసుకుంటే నష్టపోయేది న్యాయమే. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 2024లో ఏ పార్టీకీ సొంతంగా 272 స్థానాలు దక్కలేదు. ఒక్కొక్క ఓటుకూ ఉన్న విలువ ఇదే.

శ్రీకాకుళంలో గెలిచిన కింజరాపు రామ్మోహన్ నాయుడు ఆ ఏడాదే కేంద్రమంత్రి అయ్యారు. ఓటు వేసినవారికీ, వేయనివారికీ ఎంపీ ఒక్కరే. కాబట్టి మాయూసీతో ఇంట్లో కూర్చోవద్దు. ఉప్పు కూలీ గోడు వినిపిద్దాం, జవాబు అడుగుదాం. ఓటర్ల జాబితాలో మన పేరు, ఇరుగుపొరుగువారి పేరు ఉన్నాయో లేదో చూసుకుందాం.